దారిలేని నేలపై చక్రము

శ్రీసత్యసాయి జిల్లాలో, హిందూపురమునకు తూర్పున సుమారు 15 కిలోమీటర్ల దూరములో లేపాక్షి గ్రామము కలదు. 2022వ సంవత్సరము ఏప్రిల్ వరకు ఇది అనంతపురం జిల్లాలోనిది. 16వ శతాబ్దములో, అచ్యుతదేవరాయల కాలమున, విరూపణ్ణ, వీరణ్ణ అను సోదరులు ఇచ్చటి కూర్మశైలమను రాతిగుట్టపై వీరభద్రాలయమును కట్టించిరి. ఆ ఆలయమును, ఒకే బండరాతినుండి మలచిన బసవన్నను చూచుటకు దేశము నలుమూలలనుండి జనులు వచ్చుచుందురు. వారు తారురోడ్డుమీద వచ్చి తారురోడ్డుమీదనే మరలిపోవుదురు. ఆ రోడ్డుకు ఇరువైపులనున్న గుట్టలలో, చిట్టడవులలో వేరొక రకపు దారులు కలవు. వానిలో కొన్ని పశువుల కాలిబాటలు, కొన్ని బండిబాటలు. ఇటీవల సెలవుదినములలో మిత్రులు బృందములుగా చేరి, నాలుగు చక్రములకును యంత్రబలము అందు మోటారుబండ్లను తీసికొని, ఇట్టి దారులలో ప్రయాణించుట ఒక వినోదమైనది. దారిలేనిచోట బండి నడుపుట నేడు వినోదమే కాని, ఒకప్పుడు అది ప్రజల ప్రాణములకు సంబంధించిన సమస్య. ఆ చరిత్ర తెలిసికొనదగినది.

నేల స్వభావము

ఈ పీఠభూమి అతి ప్రాచీనమైన గ్రానైటు, నైసు శిలలతో ఏర్పడినది. శిలలు ఎండకు, వానకు చిట్లి మొదట గుండ్లుగాను, తరువాత గులకగాను, చివరకు ఎర్రమట్టిగాను మారినవి. ఈ మట్టిపొర చాలచోట్ల పలుచనిది. అనంతపురం ప్రాంతమున సంవత్సరమునకు సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వర్షము మాత్రమే కురియును. ఆ కొద్దిపాటి వర్షమైనను నెమ్మదిగా రాదు. సెప్టెంబరు, అక్టోబరు నెలలలో కొన్ని గంటలలోనే పెద్దవానగా పడి, మరల చాలదినములవరకు కనబడదు. పెన్న, జయమంగలి, చిత్రావతి నదులు సంవత్సరములో అధికభాగము ఇసుకమేటలుగనే ఉండును. గుట్టలమీద తుమ్మ, చండ్ర, బలుసు మొదలగు ముళ్లచెట్లు, వాని నడుమ పలుచని గడ్డి పెరుగును.

కావున ఇచ్చట నడచు చక్రమునకు మూడు పరీక్షలు కలవు. గుట్టలమీది రాయి చక్రమునకు అడ్డుపడును. ఏటిలోని ఇసుక దానిని దిగబడునట్లు చేయును. వానకు తడిసిన ఎర్రమట్టి దానిని జార్చును. ఈ మూడింటిని మానవుడు ఎట్లు దాటగలిగెనో వరుసగా చూతము.

పెరికె ఎద్దులు

సింధు నాగరికత నాటికే మన దేశమున బండి కలదు. హరప్పా త్రవ్వకములలో మట్టితో చేసిన బొమ్మబండ్లు దొరకినవి. అయినను, దక్షిణ పీఠభూమిలో దూరదేశపు వర్తకము అనేక శతాబ్దములు బండిమీద గాక ఎద్దు వీపుమీదనే సాగినది. ఎద్దు వీపున ఇరువైపుల సంచులు వేసి సరకు మోయించు పద్ధతి యిది. ఇట్టి ఎద్దులను పెరికె ఎద్దులనిరి.

సుమారు 1520లో విజయనగరమును చూచిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేయిస్, పశ్చిమతీరపు దారులలో వేలకొలది పెరికె ఎద్దులు సాగుచుండుటను వర్ణించినాడు. 17వ శతాబ్దములో గోలకొండ, గండికోట ప్రాంతములకు వచ్చిన ఫ్రెంచి వజ్రవర్తకుడు టవెర్నియే, ఒక్కొక్క బిడారులో పదివేలకు పైగా ఎద్దులుండెనని వ్రాసినాడు. ఇరుకుదారిలో అట్టి బిడారు ఎదురైనచో బండిమీద పోవువారు అది దాటిపోవువరకు రెండు మూడు దినములు నిలిచిపోవలసి వచ్చెడిదట! ధాన్యము, ఉప్పు మోసిన ఈ బిడారులను నడిపినవారు బంజారాలు. తెలుగుదేశమున వీరినే లంబాడీలందురు. అనంతపురం సీమలోని తండాలు నేటికిని ఆ చరిత్రను గుర్తుచేయుచున్నవి.

ఒక ఎద్దు వీపుమీద మోయునది సుమారు ఒక క్వింటాలు మాత్రమే. జోడెడ్లు మంచి దారిలో బండిమీద ఎనిమిది, పది క్వింటాళ్లు లాగగలవు. అట్లయ్యు వర్తకులు వీపుమీదనే ఏల మోయించిరి? కారణము సులభము. కాలు మోపుటకు అరచేయంత నేల చాలును. రాయి వచ్చినచో కాలు దానిని దాటి పడును. చక్రమట్లు దాటలేదు. ఎక్కడను తెగని నేల దానికి కావలెను. ఒక్క వాగుగట్టు కూలినను, ఒక్క పెద్దరాయి అడ్డుపడినను బండి అచ్చటనే నిలిచిపోవును.

బండిజాడ

గ్రామములోని బండి మాత్రము దగ్గరి పొలములకు, సంతలకు తిరుగుచునే ఉండెను. దాని చక్రము మనిషి భుజమువరకు వచ్చునంత ఎత్తు ఏల ఉండెనో విద్యార్థులు యోచింపవలెను. రాతి అంచును ఆనికగా తీసికొని బలభ్రామకములను లెక్కించినచో ఈ విషయము తెలియును. 75 సెంటీమీటర్ల వ్యాసార్ధముగల చక్రము 10 సెంటీమీటర్ల ఎత్తుగల రాతిని ఎక్కుటకు, ఇరుసును అడ్డముగా లాగవలసిన బలము ఆ చక్రముపైనున్న బరువులో సుమారు 58 శాతము. అదే రాతిని 35 సెంటీమీటర్ల వ్యాసార్ధముగల చిన్నచక్రము ఎక్కవలెనన్నచో సుమారు 98 శాతము కావలెను. ఊరి వడ్రంగి ఈ లెక్క వ్రాయలేదు గాని, తరతరముల అనుభవముచే దీనిని ఎరుగును.

పెద్దచక్రముచే రాతి పరీక్ష కొంత తీరినది. ఇసుక, మట్టి పరీక్షలు తీరలేదు. కొయ్యచక్రము అరగకుండ, విడిపోకుండ దానిచుట్టు ఇనుప పట్టా బిగించిరి. పట్టాను కాల్చి వ్యాకోచింపజేసి, చక్రమునకు తొడిగి, నీరు పోసి చల్లార్చినచో అది సంకోచించి ఆకులను గట్టిగా అదిమిపెట్టును. ఉష్ణవ్యాకోచమునకు ఇంతకన్న మంచి ఉదాహరణము పాఠశాలలో చూపుట కష్టము. కాని ఆ పట్టా సన్ననిది. ఒక చక్రముపై 500 కిలోగ్రాముల బరువు ఉన్నదనియు, పట్టా నేలను తాకుచోటు 5 సెంటీమీటర్ల పొడవు, 5 సెంటీమీటర్ల వెడల్పు అనియు అనుకొందము. అప్పుడు ప్రతి చదరపు సెంటీమీటరుపై పడు పీడనము 20 కిలోగ్రాములు. రెండు కాళ్లపై నిలుచున్న మనిషి నేలపై కలిగించు పీడనము ఇందులో సుమారు నూరవవంతు. అందుచే బండి నడచినచోట నేల కోసుకొనిపోయెను. ఒక బండి వెళ్లిన జాడలోనే రెండవ బండి వెళ్లెను. ఆ గాడి లోతైనకొలది బండి దానినుండి బయటపడుట కష్టమాయెను.

1876 కరవు

దారి లేకపోవుట ఎంత ప్రమాదమో 1876 నుండి 1878 వరకు దక్షిణభారతమును పీడించిన మహాక్షామము చూపినది. నేటి అనంతపురం, శ్రీసత్యసాయి జిల్లాల ప్రాంతములో అధికభాగము అప్పుడు బళ్లారి జిల్లాలోనిది. 1882లో గాని అనంతపురం ప్రత్యేక జిల్లా కాలేదు. మద్రాసునుండి రాయచూరు వరకు రైలుమార్గము 1871 నాటికి పూర్తియైనది. అది తాడిపత్రి, గుత్తి మీదుగా పోయెను. ధాన్యపుబస్తాలు రైలుమీద స్టేషనుల వరకు వచ్చెను. అచ్చటినుండి ఊళ్లకు చేర్చుటయే కష్టమైనది. లేపాక్షి ప్రాంతమునకు ఇటు బెంగుళూరు, అటు గుత్తి రెండును నూరు కిలోమీటర్లకు మించిన దూరములోనున్నవి. మధ్యలో గడ్డిలేదు, నీరులేదు. బండిని లాగవలసిన ఎద్దులే ముందుగా చచ్చినవి.

దీనిని చిన్న లెక్కతో తెలిసికొనవచ్చును. మిట్టపల్లముల దారిలో జోడెడ్లు 6 క్వింటాళ్ల బరువుతో దినమునకు 20 కిలోమీటర్లు నడచుననుకొందము. ఎద్దులకు, బండివానికి కలిపి దినమునకు 16 కిలోగ్రాముల మేత, తిండి కావలెననుకొందము. మంచి సంవత్సరమున ఆ మేత దారిప్రక్కన దొరకును. కరవునాడు దానినికూడ బండిమీదనే మోసికొనిపోవలెను. 100 కిలోమీటర్లు వెళ్లి రావలెనన్నచో పది దినములు పట్టును. మేతకే 160 కిలోగ్రాములు పోవును. 300 కిలోమీటర్లయినచో 480 కిలోగ్రాములు పోయి, ఊరికి చేరు ధాన్యము 120 కిలోగ్రాములే. మరికొంత దూరమైనచో బండి తన బరువంతయు తానే తినివేయును. రైలు చేరినచోట ధాన్యముండియు, కొద్దిదూరములో జనులు ఆకలితో మరణించుటకు గల కారణములలో ఇది యొకటి. ధరలు పెరుగుట, కూలి లేకపోవుట, ప్రభుత్వపు పిసినితనము ఇతర కారణములు.

1871, 1881 జనాభా లెక్కల మధ్య ఈ ప్రాంతపు జనసంఖ్య సుమారు ఐదవవంతు తగ్గిపోయెను. ఆ కరవులో ప్రభుత్వము నడిపిన సహాయపు పనులలో ముఖ్యమైనవి రాళ్లు కొట్టుట, దారులు వేయుట. 1877లో సర్ రిచర్డు టెంపుల్ నిర్ణయించిన కూలి, పెద్దవానికి దినమునకు ఒక పౌను ధాన్యము, అర అణా. పౌను అనగా సుమారు 450 గ్రాములు. దారిలేక ధాన్యమందని జనులే, ఆ కొద్దిపాటి కూలికి, తరువాతివారు నడుచు దారులకు రాళ్లు కొట్టిరి. 1880లో కరవు కమిషను రైలుమార్గములను విస్తరింపవలెనని సిఫారసు చేసెను. 1890ల తొలినాళ్లలో గుంతకల్లునుండి ధర్మవరము, హిందూపురముల మీదుగా బెంగుళూరు వైపు రైలు నడచినది.

గాలినింపిన చక్రము

ఇసుక పరీక్షను జయించినది గాలి. 1845లో రాబర్టు థామ్సను అను స్కాట్లండు దేశీయుడు గాలినింపిన చక్రమునకు పేటెంటు పొందెను. ఆనాడు దానిని ఎవరును పట్టించుకొనలేదు. 1888లో జాన్ బోయిడ్ డన్లప్, తన కుమారుని మూడుచక్రముల సైకిలు కొరకు గాలి టైరును మరల కల్పించెను. అప్పటినుండి అది లోకమంతట వ్యాపించెను.

గాలి టైరు నేలను తాకినచోట అణగి వెడల్పగును. టైరు గోడల బిగువును లెక్కలోనికి తీసికొననిచో, నేలపై అది కలిగించు పీడనము దానిలోని గాలిపీడనమునకు దాదాపు సమానము. ఒక చక్రముపై 400 కిలోగ్రాముల బరువున్నదనుకొందము. టైరులో చదరపు సెంటీమీటరునకు 2 కిలోగ్రాముల పీడనముతో గాలి నింపినచో అది నేలను 200 చదరపు సెంటీమీటర్ల మేర తాకును. గాలిని సగము తీసివేసినచో 400 చదరపు సెంటీమీటర్ల మేర తాకును. అందుకే ఏటి ఇసుకలోనికి దిగుటకు ముందు అనుభవముగల డ్రైవరు టైర్లలోని గాలిని కొంత వదలివేయును. గట్టినేల చేరగానే మరల నింపును. గాలి తక్కువైన టైరుతో రోడ్డుమీద వేగముగా పోయినచో అది వేడెక్కి పగులును.

ఎద్దులబండికి గాలి టైర్లు అమర్చిన టైరుబండి మన గ్రామములలో తిరిగినది. ఇనుప పట్టా చేసిన గాడిని ఈ బండి అంతగా చేయదు.

నాలుగు చక్రముల బలము

మిగిలినది జారుమట్టి, నిట్రపు ఏటవాలు. మామూలు మోటారుబండిలో యంత్రబలము రెండు చక్రములకే అందును. మిగిలిన రెండును ఊరక దొర్లును. చక్రము నేలను వెనుకకు నెట్టగల బలము రెండింటిపై ఆధారపడును: ఆ చక్రముపైనున్న బరువు, నేలకు టైరుకు మధ్యనున్న ఘర్షణ గుణకము. వదులుగులకపై ఈ గుణకము 0.5 అనుకొందము. బండి బరువులో సగమే బలము అందు చక్రములపైనున్నచో, అది ఎక్కగల ఏటవాలు సుమారు 14 డిగ్రీలు. నాలుగు చక్రములకును బలము అందినచో మొత్తము బరువు పనికి వచ్చును. అదే గులకపై సుమారు 26 డిగ్రీల వరకు ఎక్కగలదు. ఈ కోణముల టాంజెంటులు 0.25, 0.5 అని విద్యార్థులు సరిచూచుకొనవచ్చును.

ఈ ఆలోచన పాతదే. 1893లో ఇంగ్లండులో బ్రామా జోసెఫ్ డిప్లాక్ నాలుగు చక్రములకును బలమునిచ్చు ఏర్పాటుకు పేటెంటు పొందెను. 1903లో హాలండులో స్పైకర్ సంస్థ అట్టి కారును నిర్మించెను. అయితే ఇందొక చిక్కు కలదు. మలుపు తిరుగునపుడు బయటి చక్రము లోపలి చక్రముకంటె ఎక్కువ దూరము పోవలెను. ఇందుకై ఇరుసు నడుమ డిఫరెన్షియల్ అను పండ్లచక్రముల కూర్పును అమర్చుదురు. ఇది రెండు చక్రములకును సమానమైన మెలిబలమును పంచును. ఒక చక్రము బురదలో పట్టులేక తిరుగుచున్నచో దానికి కావలసిన బలము బహుస్వల్పము. గట్టినేలపైనున్న రెండవ చక్రమునకును అంత స్వల్పబలమే అందును. బండి కదలదు. ఇట్టి సందర్భములో డిఫరెన్షియల్‌ను బిగించివేయు తాళము కొన్ని బండ్లలో ఉండును.

రెండవ ప్రపంచయుద్ధము ఈ యంత్రమునకు రూపునిచ్చెను. 1940లో అమెరికా సైన్యము తేలికయైన, నాలుగు చక్రములకును బలమందు బండి కావలెనని కోరగా, బాంటం అను చిన్న సంస్థ మొదటి నమూనాను ఆ సెప్టెంబరులోనే ఇచ్చెను. విల్లీస్, ఫోర్డు సంస్థలు యుద్ధము ముగియులోపల ఆరు లక్షలకు పైగా అట్టి బండ్లను తయారుచేసెను. అదియే జీపు. దాని బరువు సుమారు 1,100 కిలోగ్రాములు. అందు సామాన్యపు గేర్లు గాక, వేగమును సుమారు సగమునకు తగ్గించి చక్రముల మెలిబలమును రెట్టింపు చేయు మరియొక గేరు కలదు.

పల్లెకు వచ్చిన జీపు

1940ల చివర మహీంద్రా సంస్థ విల్లీస్ జీపులను బొంబాయిలో కూర్చుట ఆరంభించెను. యుద్ధమునకు పుట్టిన బండి మన దేశమున వేరొక పనికి ఉపయోగపడెను. 1952 అక్టోబరు 2న సమాజాభివృద్ధి పథకములు మొదలైనవి. బ్లాకు అభివృద్ధి అధికారికి జీపు వచ్చెను. 1959లో ఆంధ్రప్రదేశమున పంచాయతీ సమితులు ఏర్పడిన తరువాత ‘సమితి జీపు’ అను మాట ప్రతి పల్లెకు తెలిసినది. విత్తనములు, ఎరువులు, సినిమా యంత్రము, ఎన్నికల పెట్టెలు దానిలో వచ్చెను. 1953లో ఆరంభమైన జాతీయ మలేరియా నివారణ కార్యక్రమమునకును, మశూచిని నిర్మూలించిన టీకా బృందములకును ఈ బండ్లు తోడైనవి. 1975లో మన దేశమున మశూచి అంతరించెను. బండిబాటమాత్రమే గల ఊరికి టీకాలు చేరుటలో చక్రము గెలుపు ఎంత విలువైనదో 1876తో పోల్చి చూచిన తెలియగలదు.

వారాంతపు ప్రయాణములు

నేడు స్థితి మారినది. 2000 డిసెంబరులో మొదలైన ప్రధానమంత్రి గ్రామీణ రోడ్ల పథకము అనేక పల్లెలకు గట్టిదారులను చేర్చినది. 44వ నెంబరు జాతీయ రహదారి పెనుకొండ మీదుగా పోవుచున్నది. 1565 తరువాత విజయనగర రాజులకు రాజధానియైన ఆ పెనుకొండ మండలములోనే, ఎర్రమంచి వద్ద, 2019లో కియా సంస్థ కార్ల కర్మాగారము ఆరంభమైనది. ఎద్దులు లేక ధాన్యము నిలిచిపోయిన సీమలోనే కార్లు తయారగుచున్నవి.

దారులు వచ్చినపిదప దారిలేనిచోటును వెదకిపోవువారు బయలుదేరుట విచిత్రముగా తోచవచ్చును. కాని దీనిలో విద్య లేకపోలేదు. అనుభవజ్ఞులు ఒంటరిగా పోరు. రెండు మూడు బండ్లు కలిసి పోవును. ఒకటి దిగబడినచో రెండవది లాగును. త్రాళ్లు, పార, పలకలు, గాలి కొలుచు మీట వెంట ఉండును. వాగు ఎదురైనచో ఒకరు ముందుగా దిగి, కర్రతో లోతు చూచి, నేల గట్టిదనము తెలిసికొందురు. ఏటవాలును అడ్డముగా గాక నిలువుగా ఎక్కుదురు. అడ్డముగా పోయినచో బండి గరిమనాభినుండి గీసిన నిలువుగీత క్రిందిచక్రములను దాటిపోయి బండి దొర్లును. చక్రము ఊరక తిరుగుట మొదలైనచో వెంటనే బలము తగ్గింతురు. జారుచున్న వస్తువుపై ఘర్షణ నిలిచియున్న వస్తువుపైకంటె తక్కువగుటయే ఇందుకు కారణము. ఊరక తిరుగు చక్రము ముందుకు పోవదు. తన క్రిందనే గొయ్యి త్రవ్వుకొనును. నెమ్మదిగా, చక్రము జారనీయక నడుపువాడే నేర్పరి. అట్టివాడు నేలను కూడ తక్కువగా గాయపరచును.

జాడ వాగుగా మారు విధము

ఇచ్చటనే నేటి చిక్కు కలదు. కరవునాడు ఈ నేలపై చక్రము నడువలేకపోవుట ప్రమాదమైనది. నేడు చక్రము ఎచ్చటికైన పోగలుగుటయే నేలకు ప్రమాదము కావచ్చును.

గడ్డి, గులక కప్పియున్న నేల వాననీటిని తనలోనికి పీల్చుకొనును. చక్రము దానిపై నడచినచో మట్టికణముల మధ్యనున్న ఖాళీలు మూసికొనిపోవును. ఈ నష్టములో అధికభాగము మొదటి కొద్ది ప్రయాణములలోనే జరుగును. కావున ‘ఒక్కసారి పోయినంతమాత్రమున ఏమగును?’ అనుట సరికాదు. అట్లు బిగిసిన జాడలోనికి వాననీరు ఇంకక, దానిలోనే ప్రవహించును. జాడ ఏటవాలుకు నిలువుగా ఉన్నచో అది కాలువయే.

ప్రవాహశక్తిని గూర్చి భౌతికశాస్త్రము చెప్పు ఒక లెక్కను ఇచ్చట గుర్తుంచుకొనవలెను. నీరు ఒక గులకరాతిని నెట్టు బలము, నీటివేగపు వర్గమునకును, రాతి వ్యాసపు వర్గమునకును అనుపాతములో ఉండును. రాతి బరువు దాని వ్యాసపు ఘనమునకు అనుపాతములో ఉండును. రెండింటిని సమానము చేసినచో, కదలగల రాతి వ్యాసము వేగపు వర్గముతోను, దాని బరువు వేగపు ఆరవ ఘాతముతోను పెరుగును. అనగా నీటివేగము రెట్టింపైనచో అది దొర్లించగల రాతి బరువు 64 రెట్లు. పలుచగా పరచుకొని పోవు నీరు ఇసుకరేణువును మాత్రమే కదల్చగా, గాడిలో చేరిన నీరు గులకను దొర్లించుటకు కారణమిదే. ఒక వానలో చేతివెడల్పు జాడ, కొన్ని సంవత్సరములలో మనిషిలోతు వాగు కాగలదు.

పోయిన మట్టి ఎచ్చటికి పోవును? దిగువనున్న చెరువులోనికి. 550 మిల్లీమీటర్ల వర్షముతో బ్రదుకు సీమలో చెరువే ఊరికి ఆధారము. చెరువులో పూడిక ఒక అంగుళము పెరిగినచో అంత నీరు తగ్గును. ఇటు గుట్టమీద అంగుళము మట్టి మరల ఏర్పడుటకు కొన్ని వందల సంవత్సరములు పట్టును. వేరుసెనగ పండు రైతు తన చేనిలో ఏటవాలుకు అడ్డముగా కట్టలు వేయుట ఈ నష్టమును ఆపుటకే. అడవిలో నిలువుగా పడిన ఒక బండిజాడ అట్టి శ్రమను వ్యర్థము చేయగలదు.

ఇందువలన దారిలేని నేలపై ప్రయాణమును పూర్తిగా మానవలెనని కాదు. పాటించవలసిన నియమములు కొన్ని కలవు. రిజర్వు అడవిలోనికి అటవీశాఖ అనుమతి లేనిదే పోరాదు. 1967 నాటి ఆంధ్రప్రదేశ్ అటవీచట్టము ప్రకారము అది నేరము. ఉన్న బాటను వదలి క్రొత్తజాడ వేయరాదు. వాన కురిసిన మరుదినము ఎర్రమట్టిపై పోరాదు; తడిమట్టి పొడిమట్టికంటె మిక్కిలి ఎక్కువగా అణగును. చెరువుగర్భమునకు, చేనికట్టలకు దూరముగా ఉండవలెను. ఈ సీమలో పాతశాసనములు చెక్కిన బండలు, వీరగల్లులు పొలములలోను, గుట్టలపైనను నేటికిని కలవు. వానిపైకి బండి ఎక్కించుట చరిత్రపై ఎక్కించుటయే. గుట్టలలోని ఎలుగుబంట్లకు, చిరుతలకు రాత్రివేళ వెలుతురును, చప్పుడును చేయకుండుట మనుష్యులకును క్షేమము.

పాఠశాలలో చేయదగిన పరిశీలన

ఉపాధ్యాయులు ఈ విషయమును పుస్తకముతో విడిచిపెట్టక విద్యార్థులచే కొలిపింపవచ్చును. అడుగు, మూత తీసివేసిన రెండు పాలడబ్బాలు తీసికొనవలెను. ఒకదానిని బండిజాడలోను, రెండవదానిని దానిప్రక్కన గడ్డినేలలోను రెండు సెంటీమీటర్ల లోతు దిగునట్లు నొక్కి, ఒక్కొక్కదానిలో అరలీటరు నీరు పోసి, అది ఇంకుటకు పట్టిన కాలమును గడియారముతో చూడవలెను. జాడలోని నీరు ఎన్ని రెట్లు ఆలస్యముగా ఇంకినదో వ్రాసికొనవలెను.

రెండవ పరిశీలనకు ఒక సంవత్సరము కావలెను. ఊరికి సమీపమున ఏటవాలుగానున్న ఒక బండిబాటకు ఇరువైపుల మేకులు పాతి, వానికి దారము బిగించి, దారమునుండి గాడి అడుగువరకు గల లోతును పది సెంటీమీటర్లకు ఒకచోట చొప్పున కొలవవలెను. జూన్ మొదట ఒకసారి, నవంబరు చివర ఒకసారి కొలిచి, గ్రాఫుకాగితముపై రెండు గీతలు గీసినచో, వాటి మధ్యనున్న వైశాల్యమే ఆ వానకాలములో అచ్చట పోయిన మట్టి. దానిని బాట పొడవుతో గుణించినచో ఎన్ని బండ్ల మట్టి దిగువ చెరువునకు చేరినదో లెక్కతేలును. ఆ లెక్కను గ్రామపంచాయతీకి తెలిపినచో, మరుసటి వానకు ముందే ఆ బాటకు అడ్డముగా నాలుగు రాతివరుసలు వేయించుట కష్టమైన పని కాదు.